ఐదూ మూడూ ఎనిమిది

మా ల్యాబులో పిల్లలు దాన్ని దండకంలా వల్లించేవాళ్ళు. "త్రీ ఈ, జీరో ఫైవ్. జీరో సిక్స్, జీరో త్రీ. ఎయిట్ జీరో. త్రీ టూ, ఫైవ్ జీరో, టూ జీరో. సెవెన్ సిక్స్." ఒకడు రికార్డు పుస్తకం పట్టుకుని చదివేవాడు, ఇంకొకడు మీటలు నొక్కేవాడు. మిగిలిన ఇద్దరూ వాళ్ళ భుజాల మీంచి తొంగిచూసేవాళ్ళు. కిట్టుకు నలుగురు మరి. అంతా అయ్యాక ఎర్రటి అంకెల్లో 08 అని వెలగగానే "సార్, వచ్చింది సార్!" అని కేక. ఏం వచ్చిందిరా అంటే, ఐదూ మూడూ కలిపితే ఎనిమిది వచ్చింది. ఒకటో తరగతి లెక్క. ఆ కేక మాత్రం పక్క డిపార్టుమెంటు దాకా వినిపించేది.

కోస్తాలో ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి నేను. 1986లో మా ల్యాబుకు మొదటిసారి నాలుగు 8085 మైక్రోప్రాసెసర్ ట్రైనర్ కిట్లు వచ్చాయి. బ్రీఫ్‌కేసు అంత పెట్టె, మూత తీస్తే ఆకుపచ్చ బోర్డు, దాని మీద నల్ల జెర్రుల్లా ఐసీలు, కాలిక్యులేటర్ లాంటి మీటలు, ఆరు ఎర్ర అంకెలు. ఆ ఆరింటిలో నాలుగు చిరునామా చెబుతాయి, రెండు ఆ చిరునామాలో ఏముందో చెబుతాయి. తెర లేదు, మౌస్ లేదు, అక్షరాలు కూడా సరిగ్గా లేవు. ఇంజనీరింగో పాలిటెక్నికో చదివిన నా వయసువాళ్ళలో చాలామంది కంప్యూటర్ లోపలి అవయవాలను మొదట చూసింది దీని మీదే. ఈ కిట్టుకు ఒక తాత ఉన్నాడు. వాడి కథ చెప్పాలని చాలాకాలంగా ఉంది.

ఆ తాత నాకు పరిచయమైంది హైదరాబాదులో. ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు కావాలంటే కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళేవాళ్ళం. ఆదివారమైతే పనిలో పనిగా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసుకోవచ్చు. ఒకసారి అక్కడ అట్ట ఊడిన అమెరికన్ పత్రిక ఒకటి దొరికింది. 'పాపులర్ ఎలక్ట్రానిక్స్', 1975 ఫిబ్రవరి సంచిక. అందులో ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్‌ను ఇంట్లోనే తయారు చేసుకోవడం గురించి వ్యాసం. తీరా చూస్తే అది రెండో భాగం. మొదటి భాగం జనవరి సంచికలో ఉందట. ఆ జనవరి సంచిక నా చేతికి ఎప్పుడూ రాలేదు. సగం నుంచి సినిమా చూసినవాడు మొదటి సగం ఊహించుకున్నట్టు, కొన్నేళ్ళపాటు ఊహించుకుంటూ గడిపాను.

ఇంట్లో కంప్యూటర్ అనే మాట అప్పుడు ఎంత విడ్డూరంగా ఉండేదో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. నేను చూసిన మొదటి కంప్యూటర్ ఈసీఐఎల్‌వాళ్ళ టీడీసీ-316. హైదరాబాదులోనే ఒక సంస్థలో, అద్దాల గదిలో, ఏసీ చల్లదనంలో, బీరువాల వరుసలా నిలబడి ఉంది. గుమ్మం బయట చెప్పులు విప్పించారు. దుమ్ము పడకూడదని. అయినా అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళగానే చేతులు కట్టుకున్నాను. ముట్టుకోవడం మాట అటుంచి, గట్టిగా మాట్లాడ్డానికే జంకు. అమెరికాలోనూ దాదాపు ఇదే తీరు. కంప్యూటర్ అంటే కంపెనీది, యూనివర్సిటీది, మిలిటరీది. నీ ప్రోగ్రాం కార్డుల మీద రాసి కిటికీలోంచి ఇవ్వాలి, ఫలితం కోసం రేపు రావాలి.

మార్పుకు దారి వేసింది ఇంటెల్ కంపెనీ. కంప్యూటర్‌లో లెక్క చేసే భాగం మొత్తాన్నీ ఒక్క చిప్పులోకి దించింది. 1971లో 4004, మరుసటి ఏడాది 8008, 1974లో 8080. ఇంటెల్ వాటిని ఇళ్ళ కోసమేమీ చేయలేదు. ట్రాఫిక్ లైట్లకీ యంత్రాలకీ పనికొస్తాయనుకుంది. 1974 జులైలో 'రేడియో ఎలక్ట్రానిక్స్' అనే పత్రిక 8008తో మార్క్-8 అనే కంప్యూటర్‌ను ఎలా కట్టుకోవచ్చో అచ్చు వేసింది. అయితే అందులో అమ్మింది వివరాల పుస్తకం, ఖాళీ బోర్డులు. భాగాలు ఎవరికి వారు వెతుక్కోవాలి. పోటీ పత్రిక చేసిన ఆ పని చూసి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్'వాళ్ళకు కాళ్ళు నిలవలేదు. అంతకన్నా మంచిది, పూర్తి కిట్టుగా దొరికేది, ఒకటి కావాలి. అలా వాళ్ళకు దొరికినవాడు ఎడ్ రాబర్ట్స్.

రాబర్ట్స్ న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆల్బుకర్కీ అనే ఎడారి ఊళ్ళో ఉండేవాడు. అమెరికా వాయుసేనలో ఇంజనీరు. 1969లో మిత్రులతో కలిసి మిట్స్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. మొదట పిల్లలు ఎగరేసే బొమ్మ రాకెట్లకు ఎలక్ట్రానిక్ సరంజామా అమ్మారు. తర్వాత కాలిక్యులేటర్ కిట్లు. అవి బాగానే ఆడాయి. ఈలోగా చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీలే కాలిక్యులేటర్లలోకి దిగాయి. బజార్లో తయారైన కాలిక్యులేటర్, వీళ్ళు విడిభాగాలు కొన్న ఖర్చు కన్నా చవగ్గా దొరకడం మొదలైంది. 1974 నాటికి రాబర్ట్స్ పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఖర్చు తగ్గించుకుంటారు. ఈయన కంప్యూటర్ చేస్తానన్నాడు. 800 దాకా అమ్ముడవుతాయని చెప్పి బ్యాంకు నుంచి ఇంకొంత అప్పు తెచ్చాడు. 8080 చిప్పు విడిగా కొంటే ఒక్కోటి 360 డాలర్లు. బేరమాడి, ఎక్కువ సంఖ్యలో తీసుకుంటానని ఒప్పించి, 75 డాలర్లకు పట్టాడు. మొత్తం కథలో నాకు అమితంగా నచ్చే ఘట్టం ఈ బేరం. మా గుజరాతీ గల్లీలో కూడా ఎవరూ ఇంత గీచి బేరమాడి ఉండరు.

కిట్టు ధర 397 డాలర్లని ప్రకటించారు. అప్పటి మారకంలో మన డబ్బు మూడు వేల పైమాట.

పత్రిక ముఖచిత్రం కోసం నమూనా యంత్రాన్ని ఆల్బుకర్కీ నుంచి న్యూయార్క్‌కు పార్సిల్ చేశారు. అది దారిలో మాయమైంది. ఫొటో గడువు దగ్గర పడింది. చేసేది లేక ఒక ఖాళీ పెట్టెకు ముందు స్విచ్చులూ దీపాలూ బిగించి దాన్నే ఫొటో తీశారు. 1975 జనవరి సంచిక అట్ట మీద లక్షలమంది కళ్ళు విప్పార్చుకుని చూసిన కంప్యూటర్ లోపల ఏమీ లేదు.

ఆర్డర్లు మాత్రం వరదలా వచ్చాయి. ముందుగా డబ్బు పంపినవాళ్ళు నెలల తరబడి ఎదురుచూశారు. కాలిఫోర్నియా కుర్రాడు ఒకడు, స్టీవ్ డాంపియర్, అసలు ఈ కంపెనీ ఉందో లేదో చూద్దామని ఆల్బుకర్కీ దాకా పోయి వచ్చాడు.

ఇంతకీ పెట్టె విప్పితే ఏం ఉండేది? సంచుల్లో విడిభాగాలు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీలు, తీగలు, ఓ రేకు డబ్బా. సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి వందల అతుకులు ఒక్కొక్కటే వేసుకోవాలి. సోల్డర్ అంటే సీసమూ తగరమూ కలిసిన లోహం. అది సరిగ్గా కరగకుండా పైపైన అంటుకుంటే 'డ్రై సోల్డర్' అంటాం. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, కరెంటు పోదు. ఒక్క అతుకు అలా మిగిలినా కంప్యూటర్ పలకదు. ఏ అతుకో తెలియదు. నా సర్వీసులో సగం డ్రై సోల్డర్ వెతకడంలోనే గడిచింది కాబట్టి, ఆ అమెరికావాళ్ళ రాత్రులు ఎలా గడిచాయో నేను చెప్పగలను.

అన్నీ కుదిరి, స్విచ్ వేస్తే, ముందు పలక మీద ఎర్ర దీపాలు వెలుగుతాయి. అంతే. తెర లేదు, కీబోర్డు లేదు. దాని జ్ఞాపకశక్తి 256 బైట్లు. ఇది ఎంతో చెప్పాలంటే, ఇప్పటి ఫోన్లలో తెలుగు రాసే పద్ధతిలో 'తెలుగు' అన్న ఒక్క మాటకు 18 బైట్లు కావాలి. ఆ మాటను 14 సార్లు రాస్తే ఆల్టెయిర్ నిండిపోతుంది. నాలుగు బైట్లు మిగులుతాయి, వాటిలో ఇంకో తెలుగు అక్షరం ఒక్కటే పడుతుంది.

ఆ యంత్రంతో మాట్లాడేదెలా? పలక మీద చిన్న చిన్న లోహపు స్విచ్చులు వరుసగా ఉంటాయి. పైకి ఎత్తితే ఒకటి, కిందికి దించితే సున్నా. కంప్యూటర్‌కు తెలిసిన అంకెలు ఆ రెండే. ఎనిమిది స్విచ్చులు కలిపితే ఒక బైటు. మా పిల్లలు "త్రీ ఈ" అని రెండు మీటలు నొక్కేది ఇక్కడ ఎనిమిది స్విచ్చుల పని. రెండు కిందికి, ఐదు పైకి, ఒకటి కిందికి. "ఏ అనే గిన్నెలో నేనిచ్చే అంకె పెట్టు" అని దానర్థం. డిపాజిట్ అనే మీట నొక్కితే అది మెమరీలోకి వెళ్తుంది. తర్వాత ఐదు. ఐదు కిందికి, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పైకి. మళ్ళీ మీట. ఇలా "బీ అనే గిన్నెలో మూడు పెట్టు", "రెండూ కలుపు", "వచ్చినదాన్ని ఫలానా చోట దాచు", "మళ్ళీ మొదటికి పో". మొత్తం 11 బైట్లు, అంటే 88 సార్లు పైకా కిందికా అని చూసుకోవడం. ఒక్కటి తప్పినా లెక్క తారుమారు. ఆ తర్వాత రన్. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఆపి, దాచిన చోట ఏముందో దీపాల్లో చదువుకోవాలి.

మా 8085, ఆల్టెయిర్‌లోని 8080కి తమ్ముడే. ఇంటెల్‌వాళ్ళే 1976లో తెచ్చారు. 8080కి మూడు రకాల ఓల్టేజీలు కావాలి, దీనికి ఐదు ఓల్టులు ఒక్కటి చాలు. భాష మాత్రం మారలేదు. మా పిల్లల దండకంలో, జవాబు దాచే చిరునామా మార్చి, చివరి "ఆగు"కు బదులు "మొదటికి పో" పెడితే, అది 1975 నాటి ఆల్టెయిర్ మీద అచ్చంగా నడుస్తుంది. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో పోలిక కూడా ఉంది. కరెంటు పోతే అంతా పోతుంది. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి, పెద్ద ప్రోగ్రాం ఎక్కించే రోజున కుర్రాళ్ళు ఫ్యాను వంక చూస్తూ మీటలు నొక్కేవాళ్ళు. ఫ్యాను నెమ్మదించిందా, "అయిపోయింది రా" అని నలుగురూ ఒకేసారి నిట్టూర్చేవాళ్ళు.

ఇలా ఏమీ చేయలేని పెట్టెకు జనం ఎందుకంత ఎగబడ్డారు? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. దీనికి జవాబు డాంపియర్ చేసిన పనిలో కనిపిస్తుంది. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో, ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ముప్పై మంది దాకా చేరారు. తర్వాత దానికి హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ అని పేరొచ్చింది. ఏప్రిల్ నెల సమావేశానికి డాంపియర్ తన ఆల్టెయిర్ మోసుకొచ్చాడు. నేల మీద కూర్చుని స్విచ్చులు వేయడం మొదలుపెట్టాడు. చాలాసేపు వేశాక, ఎవరి కాలో తీగకు తగిలి కరెంటు పోయిందట. మళ్ళీ మొదటి నుంచి వేశాడు. పక్కన ఒక చిన్న రేడియో పెట్టాడు. రన్ నొక్కగానే రేడియోలోంచి బీటిల్స్ పాట, 'ఫూల్ ఆన్ ద హిల్', వినిపించింది.

కంప్యూటర్‌కూ రేడియోకూ మధ్య తీగ లేదు. జరిగిందేమిటంటే, చిప్పు పనిచేసేటప్పుడు రేడియో తరంగాల గోల వెదజల్లుతుంది. మామూలుగా అది చికాకు. ఒక పనిని సెకనుకు 440 సార్లు తిరిగి తిరిగి చేయిస్తే ఆ గోలలో ఒక స్వరం పలుకుతుంది. చుట్టు కాస్త పొడుగు చేస్తే కింది స్వరం, పొట్టి చేస్తే పై స్వరం. డాంపియర్ దీన్ని అనుకోకుండా కనిపెట్టి, ఒక్కో స్వరానికీ ఎంత చుట్టు కావాలో రాసుకున్నాడు. తయారుచేసినవాళ్ళు కలలో కూడా అనుకోని పని ఆ యంత్రం చేత చేయించాడు. గదిలోవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు.

నేనూ చేసి చూశాను. మా ఇంటి ట్రాన్సిస్టర్ రేడియో ల్యాబుకు తీసుకెళ్ళి కిట్టు పక్కన పెట్టాను. విజయవాడ కేంద్రం వార్తల మీద ర్ర్‌ర్ అని ఒక గుడగుడ. చుట్టు మారిస్తే గుడగుడ మారింది. సా, పా దాకా తేగలిగాను, గాంధారం మాత్రం ఎప్పుడూ అపస్వరమే. మా అటెండరు "సార్ రేడియో బాగుచేస్తున్నారు" అని స్టాఫ్‌రూములో చెప్పాడు. ఒప్పేసుకున్నాను.

స్విచ్చుల చాకిరీ తప్పించినవాళ్ళ పేర్లు మీకు తెలుసు. జనవరి సంచిక హార్వర్డ్ దగ్గర పత్రికల కొట్టులో పాల్ అలెన్‌కు కనిపించింది. మిత్రుడు బిల్ గేట్స్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ ఆల్టెయిర్‌ను కళ్ళతో చూడలేదు. హార్వర్డ్‌లోని పెద్ద కంప్యూటర్ మీద ఆల్టెయిర్‌లా నటించే ప్రోగ్రాం రాసుకుని, దాని మీద బేసిక్ భాషను తయారు చేశారు. దశాంశాల లెక్కల భాగం మాంటీ డేవిడాఫ్ అనే మరో విద్యార్థి రాశాడు. మార్చిలో అలెన్ కాగితపు టేపు పట్టుకుని ఆల్బుకర్కీ విమానం ఎక్కాడు. దిగబోయే ముందు గుర్తొచ్చింది, టేపును లోపలికి లాక్కునే చిన్న ప్రోగ్రాం రాయనే లేదని. విమానంలోనే కాగితం మీద రాసి, దిగాక స్విచ్చులతో ఎక్కించాడు. టేపు తిరిగింది. అలెన్ టైపు చేసిన మొదటి లెక్క, రెండూ రెండూ ఎంత అని. టెలిటైపు నాలుగు అని కొట్టింది. రాబర్ట్స్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు, అలెన్ ఆశ్చర్యపోయాడు. మా కుర్రాళ్ళ "వచ్చింది సార్" అన్న కేక నాకు అక్కడ కూడా వినిపిస్తుంది.

అయితే బేసిక్ నడవాలంటే కనీసం నాలుగు వేల బైట్ల మెమరీ కావాలి, టైపు చేయడానికి కంప్యూటర్ కన్నా ఖరీదైన టెలిటైపు కావాలి. మిట్స్‌వాళ్ళ మెమరీ బోర్డులు సరిగ్గా పనిచేయవని పేరు పడ్డాయి. వాటితో కొంటే బేసిక్ చవక, విడిగా అయితే మోత. జనం బోర్డులు వేరే చోట కొని, బేసిక్‌ను టేపు నుంచి టేపుకు నకలు తీసుకున్నారు. హోంబ్రూ క్లబ్బులో నకళ్ళు పంచుతూ, ఒకటి తీసుకున్నవాడు వచ్చేసారి రెండు తేవాలని నియమం పెట్టారు. మన చిట్ఫండ్లలో కూడా ఇంత వడ్డీ లేదు! 1976 ఫిబ్రవరిలో గేట్స్ మండిపడుతూ బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ ఉన్నవాళ్ళలో పదో వంతు మంది కూడా బేసిక్ కొనలేదనీ, తమ శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ వాపోయాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడి కోపం అది. న్యాయం ఆయన వైపే ఉందని నా లెక్క. నకలు తీసుకున్నవాళ్ళ మీద మాత్రం నాకు కోపం రాదు.

తర్వాతి సంగతులు గబగబా చెప్పేయొచ్చు. అదే క్లబ్బులో కూర్చున్న స్టీవ్ వాజ్నియాక్, ఖరీదైన ఇంటెల్ చిప్పు కొనలేక చవకైన 6502తో బోర్డు చేశాడు. 1976లో అది ఆపిల్-1 పేరుతో 666.66 డాలర్లకు వచ్చింది. డబ్బా, కీబోర్డు కొన్నవాడే చూసుకోవాలి. 1977లో ఆపిల్-2, కమొడోర్ పెట్, టీఆర్‌ఎస్-80 తయారై వచ్చేశాయి. పెట్టె విప్పి ప్లగ్గు పెట్టుకుంటే చాలు. కిట్లకు కొంచెం ఆయుష్షు మిగిలింది ఇంగ్లండులో. క్లైవ్ సింక్లెయిర్ 1981లో జెడ్‌ఎక్స్81ను కిట్టుగా 49.95 పౌన్లకు, బిగించినదైతే 69.95 పౌన్లకు అమ్మాడు. ఆయనదే స్పెక్ట్రమ్ తర్వాత మన దేశంలోనూ అమ్ముడైంది. 1984లో కేంద్రప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది బీబీసీ మైక్రో, అదీ ఇంగ్లండు సరుకే. మా పాలిటెక్నిక్ దాకా మాత్రం ఇవేవీ రాలేదు. మాకు వచ్చింది ఆ నాలుగు కిట్లే.

రాబర్ట్స్ గురించి ఒక్క మాట. 1977లో కంపెనీని పెర్టెక్ అనేవాళ్ళకు అమ్మేసి జార్జియా రాష్ట్రం వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు వ్యవసాయం. ఆ తర్వాత, చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక కాబట్టి, వైద్యం చదవడానికి కాలేజీలో చేరాడు. మా ల్యాబుకు కిట్లు వచ్చిన ఆ 1986లోనే ఆయన డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి నలభై దాటిన మనిషి. కాక్రన్ అనే చిన్న ఊళ్ళో 2010లో పోయేదాకా రోగుల్ని చూసుకుంటూ ఉన్నాడు.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఒక పెట్టె తెచ్చాడు. ఆల్టెయిర్ ముందు పలకను అచ్చుగుద్దినట్టు దించిన ఇప్పటి కిట్టు. లోపల ఉన్నది ఈ కాలపు చిన్న బోర్డు, అది 8080లా నటిస్తుంది. స్విచ్చులూ దీపాలూ అలాగే. వారం రోజులు వరండాలో కూర్చుని సోల్డరింగ్ చేశాను. చెయ్యి వణుకుతోంది, భూతద్దం లేనిదే తీగ కనబడటం లేదు, మూడు చోట్ల డ్రై సోల్డర్. ఎనిమిదో రోజున దీపాలు వెలిగాయి. దండకం నోటికి వచ్చేసింది. రెండు కిందికి, ఐదు పైకి, ఒకటి కిందికి. ఎవరూ పక్కన చదివేవాళ్ళు లేక నేనే పైకి చదువుకున్నాను. 88 స్విచ్చులు పూర్తయ్యాయి. రన్ నొక్కి, ఆపి, దాచిన చోటికి వెళ్ళి చూశాను. వచ్చింది. ఎనిమిది అంటే రెండంకెల భాషలో నాలుగు సున్నాలు, ఒకటి, మూడు సున్నాలు. డేటా దీపాల వరుసలో ఎనిమిదింటికి ఒక్కటే వెలుగుతోంది.

కేకేశాను కాబోలు, మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కాసేపు ఆ వరుస వంక చూసింది.

"వారం రోజులు కళ్ళు పొడుచుకున్నారు. ఒక్కటే వెలుగుతోందేవండీ, మిగతా ఏడూ మాడిపోయాయా?"